ఫావిస్టు చిత్రాలు, వాటి రంగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫావిజం అంటే ఒక్క ముక్కలో ఏమిటి?

1905 ప్రాంతంలో ఫ్రాన్సులో ఆన్రీ మతీస్, ఆంద్రే డెరాన్, మోరిస్ వ్లామింక్, వాళ్ళ స్నేహితులు కొందరు వేసిన చిత్రాలకు పడ్డ పేరు అది. చెట్టు కాండం సిందూరం రంగులో ఉంటుంది, సముద్రం గులాబీ రంగులో ఉంటుంది, మనిషి ముక్కు మీద ఆకుపచ్చ గీత ఉంటుంది. వస్తువుకు లోకంలో ఏ రంగు ఉంటే అదే వేయాలన్న నియమాన్ని వాళ్ళు పక్కన పెట్టేశారు. ఒక చోటును చూసినప్పుడు తమకు కలిగిన ఉత్సాహాన్ని, అక్కడి ఎండ తీవ్రతను రంగుల పొందికతోనే చెప్పాలనుకున్నారు. ఉద్ధృతంగా సాగింది మూడు నాలుగేళ్ళే. 1908 నాటికి దాదాపు ముగిసిపోయింది.

ఆవేశంలో రంగులు కుమ్మరించేశారన్న మాట తరచు వింటాం. ఆ చిత్రాల ముందు కాసేపు నిలబడితే ఆ మాట నిలవదు. ప్రతి రంగూ పక్క రంగును చూసుకుని, తూచి వేసిందే. కింది జవాబుల్లో చాలావరకు నేను చూపించాలనుకుంటున్నది దాన్నే.

ఆ పేరు ఎలా వచ్చింది?

1905 అక్టోబరులో పారిస్‌లోని గ్రాండ్ పాలేలో సలోన్ దోతోన్ అనే శరత్కాల ప్రదర్శన జరిగింది. ఏడో నంబరు గదిలో మతీస్ మిత్రుల చిత్రాలు పెట్టారు. అదే గదిలో ఆల్బేర్ మార్క్ అనే శిల్పి పాత ఇటలీ పద్ధతిలో చేసిన శిల్పం కూడా ఉంది. లూయీ వోసెల్ అనే విమర్శకుడు దాన్ని చూసి, క్రూరమృగాల మధ్య దొనతెల్లో ఉన్నట్టుందని ‘జిల్ బ్లా’ పత్రికలో రాశాడు. దొనతెల్లో పదిహేనో శతాబ్దపు గొప్ప శిల్పి. క్రూరమృగాలకు ఆయన వాడిన ఫ్రెంచి మాట ‘ఫోవ్’. అదే అతుక్కుపోయింది. వోసెల్‌కు మతీస్ మీద పగేమీ లేదు, ఆయన ప్రతిభ మీద గౌరవం ఉన్న మనిషే.

మతీస్ భార్య ముఖం మీద ఆకుపచ్చ గీత ఎందుకు? ఆమె ముఖం అలా ఉండదు కదా?

అందరూ మొదట అడిగేది ఇదే. జవాబు తెలిస్తే ఫావిజం సగం అర్థమైనట్టే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

‘ఆకుపచ్చ గీత’ అని పిలిచే ఈ చిత్రాన్ని మతీస్ 1905లో వేశాడు. ఇప్పుడు కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ జాతీయ గ్యాలరీలో ఉంది. పెద్ద చిత్రమేమీ కాదు: 40.5 సెంటీమీటర్ల ఎత్తు, 32.5 సెంటీమీటర్ల వెడల్పు. కూర్చున్నది ఆయన భార్య అమేలీ. నుదుటి దగ్గర మొదలై, ముక్కు మీదుగా గడ్డం దాకా ఒక మందమైన ఆకుపచ్చ పట్టీ దిగుతుంది.

మామూలు పోర్ట్రెయిట్‌లో ఏం చేస్తారు? వెలుగు పడే చెంపకు లేత రంగు వేస్తారు. నీడ పడే చెంపకు అదే రంగులో గోధుమరంగో నలుపో కలిపి ముదురు చేస్తారు. ముఖం గుండ్రంగా, ఉబ్బెత్తుగా కనిపించేది అందువల్లే. మతీస్ ఆ గోధుమరంగునే తీసేశాడు. మనకు ఎడమవైపు కనిపించే చెంప పసుపు ఛాయలో, కుడివైపు చెంప గులాబీ ఛాయలో ఉంటాయి. వెలుగు ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలవుతుందో ఆ హద్దు మీద ఆకుపచ్చ పట్టీ పడింది. అంటే ముదురు నీడ చేసే పనిని అక్కడ ఒక రంగు చేస్తోంది. అందుకే బొమ్మను కాస్త దూరం నుంచి చూస్తే ముక్కు నిజంగానే ముందుకు పొడుచుకు వస్తుంది.

ఇప్పుడు వెనక గోడ చూడండి. గులాబీ చెంప పక్కన ఆకుపచ్చ, పసుపు చెంప పక్కన ఊదా, సిందూరం. అనుకోకుండా అలా కుదరదు. ఒక్కో రంగు పక్కన దానికి ఎదురు నిలిచే రంగును ఎంచుకుని పెట్టాడు. ఆ పట్టీని వేలితో మూసి చూస్తే ముఖం రెండు ముక్కలుగా పడిపోతుంది.

అయితే రంగుల ఎంపికకు ఏదైనా శాస్త్రం ఉందా?

ఉంది. మిషెల్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకం శాఖకు అధిపతిగా ఉండేవాడు. నల్లరంగు సరిగా ఎక్కడం లేదని ఆయనకు ఫిర్యాదులు వచ్చేవి. పరిశీలిస్తే అద్దకంలో లోపమేమీ లేదు. నల్ల నూలు పక్కన ఏ రంగు నూలు పడుతుందో దాన్నిబట్టి నలుపు వెలిసినట్టో, చిక్కగానో కనిపిస్తోంది. ఆ పరిశీలనల ఫలితాన్ని 1839లో పుస్తకంగా వేశాడు. చిత్రకారులు దాన్ని దశాబ్దాల పాటు చదివారు.

అందులోని ముఖ్యమైన మాట: కొన్ని రంగులు జంటగా పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఎరుపుకు ఆకుపచ్చ, నీలానికి నారింజ, పసుపుకు ఊదా. ఆకుపచ్చ చీరకు ఎర్ర అంచు వేస్తే రెండూ ఎందుకు వెలుగుతాయో మన నేతగాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఫావిస్టులు ఆ జ్ఞానాన్ని చిత్రం అంతటా, పెద్ద పెద్ద పట్టీలుగా వాడారు.

ఇంకొక కిటుకు కూడా వాళ్ళు తరచు వాడారు: కుంచె దెబ్బల మధ్య తెల్ల కాన్వాసును అలాగే వదిలేయడం. రంగులు ఒకదానిలో ఒకటి కలిసి మురికిపడకుండా ఆ తెలుపు అడ్డుకుంటుంది, పైగా చిత్రమంతా ఎండలో ఉన్నట్టు అనిపిస్తుంది.

మతీస్ ఉన్నట్టుండి ఇలా వేయడం మొదలుపెట్టాడా?

లేదు. 1904 వేసవిలో ఆయన సాఁ-త్రోపేలో పాల్ సిన్యాక్ దగ్గర గడిపాడు. సిన్యాక్‌ది చుక్కల పద్ధతి: రంగుల్ని పలకమీద కలపకుండా, స్వచ్ఛమైన రంగు చుక్కలు పక్కపక్కన పెట్టి చూసేవారి కంటిలోనే కలవనివ్వడం. మతీస్ ఆ పద్ధతిలో పెద్ద చిత్రమే వేశాడు కానీ ఆ క్రమశిక్షణ ఆయనకు ఇరుకైపోయింది.

తర్వాతి ఏడాది వేసవిలో స్పెయిన్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న కొలియూర్ అనే చేపల రేవుకు కుటుంబంతో వెళ్ళాడు. తనకంటే పదేళ్ళకు పైగా చిన్నవాడైన డెరాన్‌ను అక్కడికి రప్పించుకున్నాడు. మధ్యధరా తీరపు ఎండ అది. అక్కడ నీడలు కూడా నల్లగా ఉండవని, ప్రతి నీడలోనూ ఇంకో వెలుగు ఉందని డెరాన్ వ్లామింక్‌కు ఉత్తరం రాశాడు. నా లెక్కలో ఫావిజం పుట్టింది ఆ గమనికలోనే. నీడ నలుపు కాదన్నాక అక్కడ నీలం వేయొచ్చు, ఊదా వేయొచ్చు, ఎరుపు కూడా వేయొచ్చు. అదే రోజుల్లో దగ్గర్లోని ఒక సేకరణకర్త ఇంట్లో గోగాన్ అనే చిత్రకారుడి చిత్రాల్ని చూసే అవకాశం వాళ్ళకు దొరికింది. చదునైన పెద్ద రంగు పరుపులు ఎంత బలంగా ఉంటాయో అక్కడ కళ్ళారా చూశారు.

మొదటిసారి చూసేవాళ్ళు ఏ చిత్రంతో మొదలుపెట్టాలి?

‘తెరిచిన కిటికీ, కొలియూర్’ తో. అదే వేసవిలో మతీస్ వేసింది, వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. ఎత్తు 55 సెంటీమీటర్ల చిల్లర, వెడల్పు 46. మన గోడ క్యాలెండర్ అంత.

ఎడమ గోడ నెమలికంఠం రంగు. కుడి గోడ రాణీ రంగు. ఒకే గదిలో, ఒకే కిటికీకి అటూ ఇటూ ఉన్న గోడలకు రెండు వేర్వేరు రంగులు ఎందుకుంటాయని మనసు అడుగుతుంది, కన్ను మాత్రం ఒప్పుకుంటుంది. తలుపులు లోపలికి తెరుచుకుని ఉన్నాయి. గుమ్మం మీద పూలకుండీలు, చుట్టూ అల్లుకున్న తీగ, దాని వెనక గులాబీ నీళ్ళ మీద పడవలు, వాటి కొయ్యలు కనకాంబరం రంగులో.

ఇక కుంచె నడక గమనించండి. గోడలకు వెడల్పాటి పూత. తీగ ఆకులకు పొట్టి పొట్టి అద్దకాలు. నీళ్ళకు అడ్డంగా తేలిపోయే గీతలు. లోపలి చీకటికి, బయటి వెలుగుకు తేడా చూపించడానికి ఆయన నలుపు మీద ఆధారపడలేదు. లోపల చిక్కటి, నిండు రంగులు, బయట పలచని, తెలుపు కలిసిన రంగులు. దాంతోనే బయట ఎండ మిరుమిట్లు గొలుపుతుంది. నాకు ఫావిస్టు చిత్రాలన్నిటిలో ఇష్టమైంది ఇదే, అందులో మొహమాటం లేదు.

‘టోపీ పెట్టుకున్న స్త్రీ’ మీద అంత గొడవ ఎందుకు జరిగింది?

మతీస్ వేసిన ఈ చిత్రంలోనూ కూర్చున్నది అమేలీయే. ఆమె టోపీల దుకాణం నడిపి ఇంటిని ఆదుకున్న మనిషి, కాబట్టి ఆ భారీ టోపీ ఆమె వృత్తికి సంబంధించినది కూడా. ముఖం మీద పచ్చ, పసుపు, నీలం పట్టీలు. చేతికి గ్లవ్, విసనకర్ర, అంతా పద్ధతైన సంపన్న స్త్రీ పోర్ట్రెయిట్ లాగే అమర్చి ఉంటుంది. అసలు చిరాకు అక్కడే వచ్చింది. కొండకో చెట్టుకో వింత రంగు వేస్తే జనం సర్దుకుపోతారు, ఒక గౌరవనీయ గృహిణి ముఖానికి వేస్తే ఊరుకోరు. 1905 నాటి ఆ సలోన్ ప్రదర్శనలోనే జనం ఆ చిత్రం ముందు నిలబడి నవ్వారు. అసలు ఆమె ఆ రోజు కట్టుకున్న బట్టల రంగేమిటని ఎవరో అడిగితే, “నలుపే” అని మతీస్ జవాబిచ్చాడని చెప్పుకుంటారు.

దాన్ని 500 ఫ్రాంకులకు కొన్నది పారిస్‌లో ఉంటున్న అమెరికన్లు, స్టైన్ కుటుంబం. లియో స్టైన్‌కు మొదటి చూపులో అది అసహ్యమైన రంగుల పులుముడుగా అనిపించిందట, ఆ సంగతి ఆయనే తర్వాత రాసుకున్నాడు. అయినా మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసి, కొనకుండా ఉండలేకపోయాడు. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో మతీస్ కుటుంబానికి ఆ కొనుగోలు పెద్ద ధైర్యం.

ఇదంతా చిన్నపిల్లలు కూడా వేయగలరు కదా? బొమ్మ గీయడం సరిగా రాకనే ఇలా వేశారా?

మతీస్ మొదట న్యాయశాస్త్రం చదివాడు. ఇరవై ఏళ్ళ వయసులో అపెండిసైటిస్ వచ్చి మంచం మీద ఉన్నప్పుడు తల్లి రంగుల పెట్టె తెచ్చి ఇచ్చింది. తర్వాత గుస్తావ్ మొరో అనే చిత్రకారుడి దగ్గర చదువుకున్నాడు, లూవ్ర్ మ్యూజియంలో గంటలకొద్దీ కూర్చుని షార్డాఁ లాంటి పాత చిత్రకారుల పనిని నకలు చేశాడు. ‘టోపీ పెట్టుకున్న స్త్రీ’ నాటికి ఆయనకు 35 ఏళ్ళు, ముగ్గురు పిల్లల తండ్రి. వాస్తవంగా వేయడం చేతకాని మనిషి కాదు.

ఇంకో ఉదాహరణ. 1908లో భోజనాల గది కోసమని ఒక పెద్ద చిత్రం వేశాడు. మొదట అందులో ప్రధానమైన రంగు నీలం. రష్యన్ సేకరణకర్త సెర్గే షూకిన్ దాన్ని కొన్నాడు కూడా. పంపించే ముందు మతీస్ గది మొత్తాన్ని, బల్లనూ గోడనూ కలిపి, ఎరుపు చేసేశాడు. అమ్ముడైపోయిన చిత్రాన్ని మళ్ళీ వేయడానికి కూర్చున్నాడంటే ఆ నీలం ఆయన్ని ఎంత ఇబ్బంది పెట్టి ఉండాలి! ఇప్పుడు అది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్‌లో ఉంది.

ఈ బృందంలో ఎవరెవరున్నారు?

సంఘం, సభ్యత్వం, ప్రకటన లాంటివేమీ లేవు. స్నేహాలే. మొరో శిష్యులుగా మతీస్‌కు తోడు ఆల్బేర్ మార్కే (పైన చెప్పిన శిల్పి మార్క్ వేరు), ఆన్రీ మాంగాఁ, షార్ల్ కామ్వాఁ. పారిస్ దగ్గరి షాటూ నుంచి డెరాన్, వ్లామింక్. ల హావ్ర్ రేవు నుంచి రావూల్ డ్యూఫీ, ఒథాన్ ఫ్రీజ్, జార్జ్ బ్రాక్. హాలండ్ నుంచి వచ్చిన కేస్ వాన్ డాంగెన్. ఎమిలీ షార్మీ అనే మహిళ కూడా ఇదే వర్గంలో గట్టి రంగులతో వేసింది, ఆమె పేరు చాలాకాలం పుస్తకాల్లో కనిపించనే లేదు. వీళ్ళ చిత్రాల్ని ముందుగా నమ్మి చిన్న గ్యాలరీలో పెట్టిన బెర్త్ వెయిల్ కూడా మహిళే.

వ్లామింక్ గురించి ఒక మాట. అతను వయొలిన్ వాయించి, సైకిల్ పందేల్లో తొక్కి బతికినవాడు. 1900లో పట్టాలు తప్పిన ఒక రైల్లో డెరాన్‌తో పరిచయమైంది. మర్నాటి నుంచే ఇద్దరూ కలిసి బొమ్మలు వేశారు. 1901లో వాన్ గో చిత్రాల ప్రదర్శన చూశాక వ్లామింక్ మనసు మళ్ళీ కుదుటపడలేదు. అందరిలోకీ గోదారి వరదలా వేసింది అతనే, ట్యూబు నుంచి నేరుగా కాన్వాసు మీదికి. నేను పైన చెప్పిన ‘తూచి వేయడం’ అతనికి కొంచెం తక్కువే వర్తిస్తుంది.

ఇంప్రెషనిస్టులూ రంగులే కదా వేశారు? తేడా ఏమిటి?

ఒకే ఊరిని ఇద్దరు వేస్తే ఎలా ఉంటుందో చూస్తే చాలు. ఇంప్రెషనిస్టు మోనె తన లండన్ థేమ్స్ నది చిత్రాల్ని 1904లో పారిస్‌లో ప్రదర్శించాడు. పొగమంచు, అందులో కరిగిపోయే వంతెనలు, క్షణానికోలా మారే వెలుగు. అవి బాగా పేరు తెచ్చుకున్నాక వొలార్డ్ అనే వ్యాపారి డెరాన్‌ను అదే లండన్‌కు పంపాడు. డెరాన్ 30 చిత్రాలు వేశాడు. వాటిలో థేమ్స్ పసుపు, ఆకుపచ్చ. ఆకాశం గులాబీ. వంతెన నీలం. పడవలు ఎరుపు. మోనె ఆ క్షణంలో కంటికి ఏం కనిపించిందో పట్టుకోవాలని చూశాడు, డెరాన్ ఆ నగరపు సందడి ఏ రంగుల్లో మోగుతుందో వినిపించాడు. లండన్‌లో ఉన్నవాళ్ళు టేట్ మ్యూజియం సేకరణలోని ‘పూల్ ఆఫ్ లండన్’ చూడొచ్చు.

జర్మనీ ఎక్స్‌ప్రెషనిస్టులతో పోలిస్తే?

డ్రెస్డెన్‌లో ‘బ్రూకే’ బృందం మొదలైందీ 1905లోనే. వాళ్ళ రంగులూ గాఢమైనవే, కానీ అందులో టెన్షన్, నగర జీవితపు ఆందోళన ఎక్కువ. ఫావిస్టులకు సంతోషం చెప్పడమే ముఖ్యం.

ఆఫ్రికా శిల్పాల ప్రభావం ఉందంటారు, నిజమేనా?

నిజమే. వ్లామింక్, డెరాన్, మతీస్ ముగ్గురూ 1905–06 నుంచి ఆఫ్రికా మాస్కులు, శిల్పాలు కొన్నారు. డెరాన్‌కు వ్లామింక్ అమ్మిన ఒక ఫాంగ్ జాతి మాస్కు ఆ వర్గంలో అందరి నోటా నానింది. ఆకారాన్ని ధైర్యంగా కుదించడం, మలచడం వాటి నుంచి నేర్చుకున్నారు. ఆ వస్తువులు యూరప్ చేరింది వలస పాలన దారిలోనే, వాటిని చేసిన కళాకారుల పేర్లు కూడా ఎవరూ రాసి పెట్టలేదు. ఆధునిక కళ చరిత్ర చెప్పేటప్పుడు ఈ బాకీని దాటేయడం న్యాయం కాదు.

అంత త్వరగా ఎందుకు ముగిసింది?

ముందు తరం చిత్రకారుడు సెజాన్ 1906లో చనిపోయాడు. మరుసటి ఏడు సలోన్ దోతోన్‌లో ఆయన చిత్రాల పెద్ద ప్రదర్శన పెట్టారు. రంగు ఒక్కటే చాలదు, చిత్రానికి ఎముకల గూడు కావాలన్న ఆలోచన కుర్రవాళ్ళలో బలపడింది. లెస్తాక్ అనే తీరపు ఊళ్ళో అందమైన ఫావిస్టు చిత్రాలు వేసిన బ్రాక్, 1908కల్లా గోధుమ, ఆకుపచ్చ రంగుల్లో ఇళ్ళను పెట్టెల్లా వేశాడు. వాటిని ఘనాలని వర్ణించింది మళ్ళీ వోసెలే, క్యూబిజం అన్న పేరు అలా వచ్చింది. డెరాన్, వ్లామింక్ మసక రంగులకు మళ్ళారు. డ్యూఫీ వస్త్రాల డిజైన్లలోకి కూడా వెళ్ళాడు. రంగును చివరిదాకా వదలనిది మతీస్ ఒక్కడే, ముసలితనంలో కుంచె పట్టలేనప్పుడు రంగు కాగితాలు కత్తిరించి మరీ.

వందేళ్ళు దాటాయి కదా, ఆ రంగులు ఇంకా అలాగే ఉన్నాయా?

అన్నీ లేవు. ఫిలడెల్ఫియాలోని బార్న్స్ ఫౌండేషన్‌లో మతీస్ ‘జీవనానందం’ ఉంది, 1905–06లో వేసింది. అందులో కాడ్మియం పసుపు వేసిన చోట్లు కొన్ని వెలిసి దంతపు రంగుకు, కొన్ని గోధుమరంగుకు మారాయి. కాడ్మియం సల్ఫైడ్ వెలుగు వల్ల, గాలి వల్ల ఆక్సీకరణం చెంది తెల్లటి పదార్థాలుగా మారుతుందని ఎక్స్‌రే పరీక్షల్లో తేలింది. ఆనాడు కొత్తగా అమ్మకానికొచ్చిన ఫ్యాక్టరీ రంగులు అన్నీ ఒకే నాణ్యతతో ఉండేవి కావు. పక్క రంగును బట్టి బతికే చిత్రంలో ఒక్క పసుపు పోతే మిగతావాటి బలం కూడా మారిపోతుంది. ఆ చిత్రం గురించి ఏ వ్యాఖ్య చేసినా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఎక్కడ చూడొచ్చు?

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకు ఇది సులువు. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి ప్రవేశం ఉచితం. బే ఏరియా వాళ్ళకు ‘టోపీ పెట్టుకున్న స్త్రీ’ శాన్ ఫ్రాన్సిస్కో మోడర్న్ ఆర్ట్ మ్యూజియం సేకరణలోనే ఉంది. బాల్టిమోర్ మ్యూజియంలో మతీస్ ‘నీలి నగ్నం’ ఉంది, 1913లో షికాగోలో కళా విద్యార్థులు నకలు చేసి తగలబెట్టింది ఆ చిత్రాన్నే. వెళ్ళే ముందు ఫలానా చిత్రం గోడ మీద ఉందో లేదో మ్యూజియం సైట్‌లో చూసుకోండి. ఇంటి నుంచే చూసేవాళ్ళు మ్యూజియం వాళ్ళు పెట్టిన పెద్ద ఫొటోలనే చూడండి, ఫోన్‌లో నైట్ మోడ్ తీసేసి. లేకపోతే నీలాలన్నీ పచ్చబారిపోతాయి.

నేనూ ఈ పద్ధతిలో వేసి చూడాలంటే ఎలా మొదలుపెట్టాలి?

నలుపు, గోధుమరంగు ట్యూబుల్ని పెట్టెలోనే ఉంచేయండి. మిట్టమధ్యాహ్నం మీ బాల్కనీనో, పెరటినో ఎంచుకోండి. ముందు నీడల్ని చూడండి: ఏది చల్లగా అనిపిస్తోంది, ఏది వెచ్చగా ఉంది? చల్లటి నీడకు నీలం, ఊదా, ఆకుపచ్చల్లో ఒకటి. ఎండ పడ్డ చోటుకు దాని ఎదురు రంగు. మొదటి రంగు వేశాక రెండోదాన్ని వస్తువును చూసి కాకుండా మొదటి రంగును చూసి ఎంచుకోండి. మధ్యలో తెల్ల కాగితం కనబడితే పూడ్చేయకండి.

సగం అయ్యాక ఫోన్‌తో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూడండి. అన్నీ ఒకే బూడిద ముద్దలా కనిపిస్తే బొమ్మలో లేత, ముదురు తేడాలు తగ్గినట్టు. ఒకటి రెండు చోట్ల ముదురు నీలమో, ముదురు ఎరుపో వేస్తే సర్దుకుంటుంది. ఆక్రిలిక్ రంగులైతే ఆరాక ఒక మెట్టు ముదురుతాయి, కాబట్టి లేత రంగుల్ని మీరు అనుకున్నదానికంటే కొంచెం లేతగానే కలుపుకోండి.